పొత్తుల నొప్పి

ఆ మంగళవారం పొద్దున్న ఏడు గంటల కూత వేసిన కాసేపటికి, వేగావతి ఒడ్డున ఉన్న జూట్ మిల్లులో మూడువందల పన్నెండు మందికి ఒకేసారి ఎడమ డొక్కలో సన్నటి నొప్పి పుట్టింది. దాని వెనకే దగ్గు. పెద్దదేమీ కాదు. గొంతులో నారపోగు అడ్డం పడ్డట్టు చిన్న దగ్గు. మగ్గాల దగ్గర మగాళ్లు దగ్గారు, కుట్టు సెక్షను ఆడవాళ్లు దగ్గారు, ఆఫీసు గదిలో మేనేజరు పట్నాయక్ గారూ దగ్గారు.

మందుల గదిలో కాంపౌండరు తవిటినాయుడు కూడా దగ్గి, డొక్క తడుముకుని, ఎవరిదో అనుకున్నాడు.

ఎవరిదో అనుకోవడం ఆ మిల్లులో ఎనిమిది నెలలుగా అలవాటు. అంతకు ముందు వాళ్లకీ అందరిలాగే కంపెనీ కట్టే ఆరోగ్య బీమా ఉండేది. నుసి పీల్చే ఊపిరితిత్తులు కదా, ఏటా ఆస్పత్రి బిల్లులు పెరిగేవి. బిల్లులు పెరిగితే బీమావాళ్లు అడిగేదీ పెరిగేది. మూడో ఏడు వాళ్లు దగ్గుకీ ఆయాసానికీ ఇవ్వం అన్నారు. నాలుగో ఏడు అసలు మీ మిల్లే వద్దన్నారు. అప్పుడు పట్నాయక్ గారు విశాఖపట్నం వెళ్లి మృణాళిని గారిని వెంటబెట్టుకొచ్చారు. ఆవిడ పూర్తిగా డాక్టరూ కాదు, పూర్తిగా ఇంజనీరూ కాదు. రెండూ కొంచెం కొంచెం. మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషి నాడి మీద చెయ్యి వేసి మాట్లాడేవారు.

ఆవిడ తెచ్చింది రాగిరంగు పట్టీ. మోచేతికి పైన, తాయెత్తు కట్టే చోట కట్టుకోవాలి. కాగితాల్లో దాని పేరు ఆరోగ్య పట్టీ. మిల్లువాళ్లు బిళ్ల అన్నారు. పూర్వం గేటు దగ్గర హాజరుకి చూపించే ఇత్తడి బిళ్ల పేరే దీనికీ వచ్చింది. రెండు సామాన్లు ఎందుకు, ఖర్చు కలిసొస్తుందని పట్నాయక్ గారు హాజరు కూడా పట్టీతోనే పెట్టారు మరి. చేతికి పట్టీ ఉంటేనే గేటు తెరుచుకుంటుంది.

అది కట్టుకున్న ఒళ్లన్నిటినీ పొత్తు కలుపుతుందని ఆవిడ మీటింగు పెట్టి చెప్పారు గానీ ఎవరికీ ఎక్కలేదు. మగ్గాల సెక్షను భోగారావుకి టైఫాయిడ్ వచ్చాక ఎక్కింది. జ్వరం వాడికి వస్తే మూడు రోజులు మిల్లు మొత్తానికి ఒళ్లు వెచ్చబడింది, నోరు చప్పబడింది. సాంబారులో ఉప్పు లేదని కాంటీను వంటమనిషిని అందరూ కలిసి తిట్టారు. నాలుగో రోజు భోగారావు సైకిలెక్కి డ్యూటీకి వచ్చేశాడు. ఒక్క ఒళ్లు పడాల్సిన పాటు మూడువందల ఒళ్లు తలా చిటికెడు పడ్డాయి, అంతే. ఆస్పత్రి లేదు, బిల్లు లేదు. ఆ తర్వాత కుట్టు సెక్షను పారమ్మకి నొప్పులొచ్చిన రోజున మగ్గాల దగ్గర మగాళ్లంతా ఒక్కసారి నడుం పట్టుకుని వంగిపోయారు. ఆడవాళ్లు దాని గురించి రెండు నెలలు నవ్వారు. బిడ్డని చూడ్డానికి వెళ్లిన వాళ్లతో పారమ్మ అంది:

"నా గుంటడికి మూడొందల పదకొండు మంది అమ్మలు. సగం మందికి మీసాలున్నాయి."

పొత్తు అంటే ఇదన్నమాట అని అప్పటికి అందరికీ తెలిసింది.

కానీ ఈ డొక్కనొప్పి వేరుగా ఉంది. మంగళవారం వచ్చింది, సాయంత్రం మూడున్నర కూతకి పోయింది. బుధవారం మళ్లీ ఏడింటికి వచ్చింది, మూడున్నరకి పోయింది. గురువారం అంతే. శుక్రవారం రాలేదు. శనివారం వచ్చింది. తవిటినాయుడు ఒక మలాం అట్టపెట్టె చింపి దాని వెనక పెన్సిలుతో వేళలు రాశాడు. అతనికి చిన్నప్పటి నుంచీ అంతే, ఏదైనా అంతుపట్టకపోతే అన్నం సయించదు. రెండో వారానికి నొప్పి కొంచెం బరువెక్కింది. మిల్లులో జబ్బుమనిషి ఎవరని అడిగితే ఎవరూ లేరు. అందరూ దగ్గుతున్నారు, అందరూ బాగానే ఉన్నారు.

సోమవారం మృణాళిని గారు తన పెట్టె పట్టుకుని వచ్చి మందుల గది బల్ల మీద పెట్టారు. దాని అద్దం మీద ఒక పచ్చగీత పాకుతూ ఉంటుంది. పొత్తులో మొత్తం బరువెంతో ఆ గీత చెబుతుంది. ఆవిడ రెండు వారాల గీతలు ఒకదాని కింద ఒకటి పరిచి చాలాసేపు చూశారు. అట్టముక్క మీద తవిటినాయుడు రాసిన వేళలతో పోల్చి చూశారు. తర్వాత కొత్త బొమ్మ దొరికిన పిల్లలా నవ్వారు.

"ఈ జబ్బు డ్యూటీ చేస్తోంది నాయుడుగారూ. కూత వేస్తే వస్తోంది, కూత వేస్తే దిగిపోతోంది. శుక్రవారం నాగా పెట్టింది."

ఎవరి పట్టీలోంచి వస్తోందో చెప్పదా మీ పెట్టె అని అతను అడిగాడు. చెప్పదన్నారు ఆవిడ. చెప్పకుండా తానే కట్టించానన్నారు. ఫలానా వాడి జబ్బు అని తెలిస్తే ఆ మర్నాడే వాణ్ని పనిలోంచి తీసేస్తారు, అందుకని పెట్టెకి మొత్తమే తెలుస్తుంది తప్ప మనిషి తెలియడు. అలా కట్టడానికి తనకి అదనంగా ఏడాది పట్టిందట.

జబ్బు డ్యూటీకి వస్తోంది అన్న మాటకే తవిటినాయుడికి సంగతి అర్థమైపోయింది. బయటి మనిషికి వందేళ్లు ఆలోచించినా తట్టదు. మిల్లుమనిషికి చెప్పక్కర్లేదు. మిల్లులో పర్మినెంటు వాళ్లు మూడువందల పన్నెండు మంది. ఉభాల కాలంలో వాళ్లు నాట్లకి పొలం వెళతారు. ఆ రోజుల్లో వాళ్ల నంబరు మీద బదిలీ మనిషి వచ్చి పని చేస్తాడు. పుస్తకంలో హాజరు పర్మినెంటు వాడిదే. మిల్లు పుట్టినప్పటి నుంచీ ఉన్న పద్ధతి. అందరికీ తెలుసు, పట్నాయక్ గారికీ తెలుసు, ఏ కాగితంలోనూ లేదు. అలాంటి బదిలీలు ఓ నలభై మంది ఉంటారు. వాళ్లకి బీమా ఏనాడూ లేదు, పట్టీ కూడా లేదు. కానీ పట్టీ లేకపోతే గేటు తెరుచుకోదు. అందుకని పర్మినెంటు వాళ్లు ఇదివరకు ఇత్తడి బిళ్ల ఇచ్చినట్టే ఇప్పుడు చేతి పట్టీ విప్పి ఇచ్చి పంపుతున్నారు. తవిటినాయుడు రోజూ కళ్లతో చూస్తున్నదే. పట్టీతో పాటు ఇంకేం చేతులు మారుతోందో అతనికి అంతవరకు తోచలేదు.

లిస్టులో లేని మనిషి పొత్తులోకి వస్తే ఏమవుతుందమ్మా అని అతను మెల్లగా అడిగాడు. ఆవిడ గీత మీంచి తల ఎత్తలేదు.

"ఎవరో నాకు చెప్పకండి. తెలిస్తే రాయాలి."

ఆవిడే మళ్లీ అన్నారు, ఇది మానే జబ్బు కాదట. జ్వరమైతే పోరు చేసి గెలుస్తాం, ఇది ఊపిరితిత్తుల్లో నుసి పేరుకోవడం, దీన్ని మొయ్యడమే. మోస్తూ ఉండగా ఆ మనిషి పోతే అని అతను అడిగాడు. ఒక చావుని మూడువందల మందికి పంచితే తలా ఎంత వస్తుందో తనకి తెలియదని, ప్రపంచంలో ఎవరికీ తెలియదని ఆవిడ అన్నారు. భయపడి అన్నట్టు లేదు. తెలుసుకోవాలని ఉన్నట్టు ఉంది.

అప్పుడే పట్నాయక్ గారు దగ్గుకుంటూ వచ్చారు. యజమానుల దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. పట్టీల అద్దె పొత్తు బరువుని బట్టి ఉంటుంది. బరువు ఒప్పుకున్నదాన్ని దాటింది. నెలాఖరుకి దింపకపోతే పట్టీలన్నీ విప్పించి వెనక్కి పంపేస్తారు. అప్పుడు ఎవరి జబ్బు వాడిది.

"ఆ జబ్బెవరిదో పట్టుకుని పొత్తులోంచి తీసేయండి. ఒక్కరి కోసం అందర్నీ ముంచలేను."

పట్టీ కట్టేవాళ్లు పెరిగితే తలకి బరువు తగ్గుతుంది కదండీ, ఇంకో నలభై కట్టించకూడదా అని మృణాళిని గారు అడిగారు. నలభై అన్న అంకె ఆవిడకి ఎలా తెలుసో తవిటినాయుడికి అర్థం కాలేదు. మిల్లు ఇచ్చేది మిల్లు మనుషులకే అని పట్నాయక్ గారు చెప్పేసి వెళ్లిపోయారు.

మర్నాడు ఆరున్నరకే తవిటినాయుడు గేటు ఎదురుగా సోడా బడ్డీ దగ్గర నిలబడ్డాడు. బదిలీలు ఒక్కొక్కరే వచ్చారు. రొంటిలోంచో కొంగుముడిలోంచో పట్టీ తీసి కట్టుకుని లోపలికి పోయారు. వాళ్లు కట్టుకున్నప్పుడు అతని డొక్కలో ఏమీ కదల్లేదు. ఆఖరున ఒకామె వచ్చి కల్వర్టు గట్టు మీద కూలబడింది. యాభై ఏళ్లుంటాయి. చిల్లుపడ్డ కొలిమితిత్తిలా ఊపిరి ఈల వేస్తోంది. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, మెడనరాలు తేలి, ఒక్కో ఊపిరీ అడుక్కుని తెచ్చుకుంటున్నట్టు తీస్తోంది. ఆమె కొంగు విప్పి పట్టీ తీసి కట్టుకుంది. నీళ్లలోంచి తల పైకెత్తిన మనిషిలా ఒక్క పొడుగాటి ఊపిరి పీల్చింది. లేచింది, చీర దులుపుకుంది, చకచకా గేటులోకి నడిచిపోయింది.

అదే క్షణాన తవిటినాయుడి డొక్క కలుక్కుమంది. అతను దగ్గాడు. గేటు లోపల ఎవరెవరో దగ్గారు. వాచ్‌మన్ కూడా దగ్గాడు.

ఆమె పేరు ఎరకమ్మ. గెడ్డవలస. పద్దెనిమిదేళ్లుగా ఏటా ఉభాలకి అదే ఊరి అసిరయ్య నంబరు మీద బదిలీ చేస్తోంది, ఈ ఏడు వచ్చి రెండు వారాలు. నూట పద్దెనిమిదో నంబరు. నారని నూనె, నీళ్లు చల్లి మెత్తబరిచే సెక్షనులో పని. మిల్లు మొత్తంలో నుసి అక్కడే ఎక్కువ. మధ్యాహ్నం తిండివేళ తవిటినాయుడు అక్కడికి వెళ్లేసరికి ఆమె నారకట్ట మీద కూర్చుని గంజన్నం తింటోంది. అతను ఎదురుగా కూర్చుని ఆయాసం ఎన్నాళ్ల నుంచని అడిగాడు. రెండేళ్లంది. ఇంటి దగ్గర పడి ఉండక ఈ నుసిలోకి రోజూ ఎందుకొస్తున్నావని అడిగాడు. ఆమె అతన్ని చిన్నపిల్లాణ్ని చూసినట్టు చూసింది.

"మిల్లులో ఉంటేనే ఊపిరాడతన్నాది బావూ. కూతేసినాక బిళ్ల ఇప్పీసి అసిరయ్యకి ఇచ్చీస్తే, మల్లీ గుండెల మీద ఎవులో ఎక్కి కూకున్నట్టుంటాది. అందుకే ఆయన్ని బతిమాలి రోజూ నానే వస్తన్నాను. మొన్న సుక్కోరం ఆయనొస్తానన్నాడు. ఆ రోజు సచ్చి బతికినాను."

ఆమె పట్టీని మందు అనుకుంటోంది. ఒంటికి తగిలితే పని చేసే మందు. తవిటినాయుడు గంజన్నంకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆమె మెతుకు నోట్లో పెట్టుకోబోతూ ఆగింది.

"మరి బిళ్ల కట్టీసినాక నా దగ్గు ఎటు పోతాది బావూ?"

"మాకు."

"మీకంటే?"

"పట్టీ ఉన్న అందరికీ. తలా కాస్త."

ఆమె మెతుకు తిరిగి గిన్నెలో వేసింది. నీకూనా అంది. నాకూ అన్నాడు. ఎంత అంటే చిటికెనవేలి గోరు చూపించాడు.

"మేనేజరు బావుకీ?"

"ఆయనకీ."

ఎరకమ్మ నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. అయితే రేపట్నుంచి తను రానంది. తన రోగం పరాయివాళ్ల మీద పెట్టడం తప్పంది. తప్పో ఒప్పో తర్వాత చూద్దాం, ఎవరితో అనకు అన్నాడు తవిటినాయుడు. తెల్లారి గెడ్డవలస వెళ్లి అసిరయ్యతో మాట్లాడాలని, కొన్నాళ్లు అసిరయ్యనే డ్యూటీకి రమ్మని, సాయంత్రం నుంచి పొద్దుటిదాకా పట్టీ ఈమెకి ఇమ్మని అడగాలని అతను మనసులో లెక్కలు వేస్తున్నాడు. అలా వేస్తుండగానే, వేళ కాని వేళ కూత వేసింది.

పట్నాయక్ గారు ఎవరికీ చెప్పకుండా పరీక్ష పెట్టించారు. గేట్లు మూసేశారు. మిల్లంతా సంచుల బేళ్లు కట్టే ఆవరణలో నిలబడాలి. లిస్టు వరసలో ఒక్కొక్కరూ వచ్చి అర నిమిషం పట్టీ విప్పి మళ్లీ కట్టుకోవాలి. ఎవరు విప్పితే మిగతా అందరికీ డొక్కనొప్పి పోతుందో ఆ జబ్బు వాళ్లదే. మృణాళిని గారు ఒక బల్ల మీద పెట్టె పెట్టుకుని ముఖం చిన్నబుచ్చుకుని కూర్చున్నారు. పేర్లు పిలిచే పనీ, పట్టీ విప్పి కట్టే పనీ తవిటినాయుడిది. ఎరకమ్మ ఎక్కడో వెనక వరసలో ఉంది. పారిపోవడానికి దారి లేదు. మూసేసిన గేటు పట్టీ ఉన్నా తెరుచుకోదు.

లిస్టులో ఒకటో నంబరు పట్నాయక్ గారిదే. అందరికీ దారి చూపించాలని ఆయన చొక్కా చెయ్యి మడిచి ముందుకొచ్చారు. తవిటినాయుడు పట్టీ విప్పాడు. పది అంకెలు లెక్కపెట్టేలోపు ఆయన ముఖం పాలిపోయింది. నుదుటి మీద చెమట పట్టింది. ఎడం చెయ్యి కుడిచేత్తో పట్టుకుని అటూ ఇటూ చూశారు.

"ఇది నాదేనా?" అని అడిగారు మృణాళిని గారిని, మెల్లగా.

"మీదే. ఇన్నాళ్లూ వీళ్లు మోశారు."

తవిటినాయుడు గబగబా పట్టీ కట్టేశాడు. ఆయన ఒక బేలు మీద కూర్చున్నారు. పరీక్ష ఆపుతారేమో అనుకున్నాడు. ఆపలేదు. కానివ్వమని చెయ్యి ఊపారు.

రెండు, మూడు, నాలుగు. ఒకడికి మోకాళ్లు ముడుచుకుపోయాయి. ఒకామెకి కళ్లు బైర్లు కమ్మాయి. భోగారావు దవడ పట్టుకుని గంతులేస్తే మొదట్లో అందరూ నవ్వారు. ముప్ఫై, నలభై దాటేసరికి నవ్వు తగ్గిపోయింది. పట్టీ విప్పి ఖాళీగా నిలబడ్డవాడు ఒక్కడూ లేడు. ఏమీ లేదనుకుని ధీమాగా వచ్చినవాడికి వీపులో ఏదో ఉంది, పిల్లకి పాలిచ్చే పారమ్మకి తల తిరిగింది. మోసేవాళ్లం అనుకున్న అందరూ మోయించుకున్నవాళ్లే. వరసలో ఉన్నవాళ్లు తమ చేతుల వంకా కాళ్ల వంకా కొత్తగా చూసుకుంటున్నారు. నాకేం ఉందో అని.

డొక్కనొప్పి మాత్రం అలాగే ఉంది.

"నూట పద్దెనిమిది. అసిరయ్య," అని తవిటినాయుడు చదివాడు.

ఎరకమ్మ వచ్చి నిలబడింది. మగపేరుకి ఆడమనిషి వస్తే ఆవరణంతా నేల చూసింది. పట్నాయక్ గారు ఆమెని చూశారు, తవిటినాయుణ్ని చూశారు. తవిటినాయుడి వేళ్లు పట్టీ ముడి మీద ఉండిపోయాయి, విప్పవు. ఈ నంబరు రేపు చూద్దామండి అన్నాడు.

"నానే ఇప్పుకుంటాను బావూ," అంది ఎరకమ్మ. విప్పేసింది.

మొదట నొప్పి పోయింది. మూడువందల డొక్కల్లోంచి ఒకేసారి పోయింది. అందరూ తమకి తెలియకుండానే నిట్టూర్చారు. పెట్టె అద్దం మీద పచ్చగీత జారిపోయింది. ఆ తర్వాత ఆమె నేల మీద కూలింది. రెండు చేతులూ మట్టిలో పెట్టి, నోరు తెరిచి, రాని గాలి కోసం లోపలికి లాగుతోంది. ఆ ఈల ఆవరణ చివరి దాకా వినపడింది. రెండు వారాలుగా తాము తలా గోరంత మోసింది మొత్తంగా ఎలా ఉంటుందో ఎవరూ అంతకు ముందు చూడలేదు. మృణాళిని గారు గడియారం చూడ్డం మర్చిపోయారు.

పట్నాయక్ గారు బేలు మీంచి లేచారు. ఆయన చెయ్యి తన డొక్క మీద ఉంది. అక్కడ ఇప్పుడు ఏమీ లేదు.

"కట్టు," అన్నారు.

తవిటినాయుడు మోకాళ్ల మీద కూర్చుని కట్టాడు. ఆమెకి ఊపిరి వచ్చింది. అందరి డొక్కల్లోకీ ఆ కలుక్కు తిరిగొచ్చింది. అందరూ దగ్గారు. పట్నాయక్ గారూ దగ్గి, నోరు తుడుచుకుని, లిస్టుకేసి చూశారు.

"తరవాత నంబరు," అన్నారు.

నూట పంతొమ్మిది వచ్చాడు. ఎండ వాలే దాకా పరీక్ష నడిచింది. జబ్బు ఎవరిదో దొరకలేదని పుస్తకంలో రాశారు. యజమానులకి తాను రాసుకుంటానన్నారు పట్నాయక్ గారు. ఇంకో నలభై పట్టీలు కావాలంటే ఎన్నాళ్లు పడుతుందని మృణాళిని గారిని అడిగారు. పదకొండు రోజులని ఆవిడ చెప్పారు. అయితే ఆ పదకొండు రోజులూ నూట పద్దెనిమిదో పట్టీ కూత తర్వాత కూడా విప్పక్కర్లేదని, తాను చెప్పానని అసిరయ్యకి చెప్పమని తవిటినాయుడితో అన్నారు. అసిరయ్యకి పదకొండు రోజులు తన ఒళ్లు తనదే.

ఆఖరి నంబరు మిగిలింది. మూడువందల పన్నెండు, తవిటినాయుడు. అతను లిస్టు మృణాళిని గారి చేతికిచ్చి, ఎడం చేతి పట్టీ కుడిచేత్తో విప్పుకున్నాడు. తనకేమీ ఉండదనే అనుకున్నాడు. డొక్కనొప్పి పోయింది. ఒళ్లు తేలికైంది. ఒక్క క్షణం నిజంగానే ఏమీ లేదనిపించింది. తర్వాత కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది.

అతను దాన్ని ఎత్తి చూశాడు. ఎవరిదో చెయ్యిలా ఉంది. ఇరవయ్యారేళ్లుగా తెగిన వేళ్లకి కట్లు కట్టిన చెయ్యి, మగ్గంలో నలిగిన గోళ్లు ఊడదీసిన చెయ్యి. ఆపుదామని బిగించాడు, ఆగలేదు. అర నిమిషం అయిందన్నారు మృణాళిని గారు. అతను పట్టీ కట్టుకోబోయాడు. తాడు వేళ్లలోంచి జారింది. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ జారింది. అందరూ చూస్తున్నారు.

ఎరకమ్మ వరసలోంచి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. నారకట్టలకి వేసే ముడి ఉంటుంది, ఒక్క లాగులో పడేది. అది వేసింది.

"ఇది ఎన్నాళ్ల నుంచో బావూ?"

"తెలీదు. ఇప్పుడే చూశాను," అన్నాడు తవిటినాయుడు.